నలుగురు పిల్లలు, ఒక పాల కేంద్రం, ఎనిమిదో సెమిస్టరు



మా కాలేజీ నోటీసు బోర్డు దగ్గర ఏటా ఒక రోజు జాతరలా ఉంటుంది. నాలుగో సంవత్సరం కంప్యూటర్ సైన్సు పిల్లల ప్రాజెక్టు బ్యాచ్‌లు, ఏ బ్యాచ్‌కు ఎవరు గైడు అన్న జాబితా అంటించే రోజది. బ్యాచ్‌కు నలుగురు. కొందరు స్నేహం కొద్దీ కలిసినవాళ్ళు, కొందరు హాల్‌టికెట్ నంబర్లు పక్కపక్కన పడ్డ పాపానికి కలిసినవాళ్ళు. ఆ సాయంత్రానికల్లా నా గది గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి ఏమడుగుతారో నాకు కంఠతా వచ్చు. "సార్, టైటిల్ ఏం పెట్టమంటారు?"

ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్నకు జవాబు చెబుతున్నాను. అందులో సగం కాలం తప్పు జవాబే చెప్పాను. ఓ పది టైటిళ్ళు టైపు చేసిన కాగితం ఇచ్చి, ఏరుకోండి అనేవాణ్ణి. ఇప్పుడు కాగితం మానేసి ఎదురు ప్రశ్న వేస్తున్నాను. "మీ ఇంట్లో గానీ మీ వీధిలో గానీ లెక్క కుదరక రోజూ తల పట్టుకునేవాళ్ళు ఎవరున్నారు?" పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ప్రాజెక్టుకూ తమ వీధికీ సంబంధం ఉండవచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

వాళ్ళు తెచ్చే టైటిళ్ళు మాత్రం ఘనంగా ఉంటాయి. డీప్ లెర్నింగ్‌తో పంట తెగుళ్ళ గుర్తింపు. మెషీన్ లెర్నింగ్‌తో క్రెడిట్ కార్డు మోసాల గుర్తింపు. ఒకప్పుడు ఇదే వరసలో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, హోటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఉండేవి. పేర్లు మారాయి, జబ్బు మారలేదు.

పంట తెగుళ్ళ సంగతే చూడండి. ప్లాంట్‌విలేజ్ అనే ఆకుల ఫొటోల సేకరణ ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 54,306 ఫొటోలు, 14 పంటలు, 26 తెగుళ్ళు. 2016లో ముగ్గురు పరిశోధకులు ఆ ఫొటోలతో కంప్యూటరుకు నేర్పించి, అదే సేకరణలో పక్కన పెట్టిన ఫొటోలతో పరీక్షిస్తే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. మా పిల్లలు ఆ అంకె దగ్గరే ఆగిపోయి, దాని పక్కన తమ అంకె రాసుకుని వస్తారు. ఆ పరిశోధకుల వ్యాసంలోనే ఇంకో అంకె కూడా ఉంది. వేరే చోట, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపిస్తే అది 31 శాతం చిల్లరకు పడిపోయింది. ప్లాంట్‌విలేజ్ ఫొటోల్లో ఆకును తెంపి, ఖాళీగా ఉన్న నేపథ్యం మీద పరిచి తీశారు. పొలంలో ఆకు అలా బుద్ధిగా కూర్చోదు. గాలికి ఊగుతుంది, పక్క ఆకు నీడ పడుతుంది, మట్టి అంటుకుని ఉంటుంది.

ఆ ప్రాజెక్టు తెచ్చిన ఒక బ్యాచ్‌ను అడిగాను, మీ ఇళ్ళలో ఏం పండిస్తారని. ఇద్దరివి వరి పొలాలు, ఒకరిది పత్తి, ఒకరిది గుంటూరు వైపు మిర్చి. మరి మీ 14 పంటల్లో వరి ఉందా అంటే అప్పుడు వెతికారు. ఆపిల్ ఉంది, బ్లూబెర్రీ ఉంది, చెర్రీ, స్ట్రాబెర్రీ ఉన్నాయి. వరి లేదు. పత్తి లేదు. మిర్చికి బంధువని చెప్పుకోవడానికి క్యాప్సికం ఒక్కటి ఉంది. అయితే టమాటా, మొక్కజొన్న ఉన్నాయి, లేవని అబద్ధం చెప్పకూడదు. నేను ఆ ప్రాజెక్టు వద్దనలేదు. "మన చుట్టుపక్కల తోటల్లో మీ ఫోనుతో రెండు వందల టమాటా ఆకులు ఫొటోలు తీయండి. ఏ ఆకుకు ఏ తెగులో వ్యవసాయాధికారి దగ్గర కూర్చుని రాయించుకోండి. మీ ప్రోగ్రాం వాటికి ఏమంటుందో చూడండి" అన్నాను. ఘోరంగా పడింది. పిల్లలు ఏడుపు మొహాలతో వచ్చారు. ఎందుకు పడిందో వివరంగా రాయమన్నాను. వాళ్ళ ప్రాజెక్టు పుస్తకం మొత్తంలో నేను రెండోసారి చదివిన అధ్యాయం అదొక్కటే.

క్రెడిట్ కార్డు ప్రాజెక్టుది ఇంకో రకం కథ. అందరూ వాడే సమాచారం ఒకటే. 2013 సెప్టెంబరులో రెండు రోజుల పాటు యూరప్‌లో జరిగిన 2,84,807 కార్డు లావాదేవీలు. వాటిలో మోసాలు 492. ఒక వైవాలో పిల్లలు మాది 99.9 శాతం కరెక్టు అని గర్వంగా చెప్పారు. బయటి పరీక్షకుడిగా, అంటే ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన పెద్దాయన, తొందరపడే మనిషి కాదు. "నేనూ ఒక ప్రోగ్రాం రాస్తాను. అది ఏమీ చూడదు. ఏ లావాదేవీ ఇచ్చినా మోసం కాదనే అంటుంది. దానికెంత శాతం వస్తుందో చెప్పండి" అన్నారు. ఒకడు ఫోను తీసి లెక్క వేశాడు. 99.83. ఆ తర్వాత కాసేపు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ 492 మోసాల్లో ఎన్నింటిని పట్టారు, దొంగ కానివాణ్ణి దొంగ అని ఎన్నిసార్లు అన్నారు అన్నవి అడగవలసిన అంకెలు. అవి వాళ్ళ పుస్తకంలోనూ ఉన్నాయి. ఒక పట్టికలో ఉన్నాయి. ఎవరూ చదవలేదంతే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన బ్యాచ్ గురించి చెబుతాను.

దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి. వాళ్ళ నానమ్మ రెండు గేదెల పాలు ఊళ్ళో పాల కేంద్రంలో పోయిస్తుంది. పది రోజులకోసారి బిల్లు. బిల్లు వచ్చిన ప్రతిసారీ నానమ్మకూ కేంద్రం సెక్రటరీకీ తగాదా. ఆమెకు చదువు రాదు. పూటపూటకూ పాలు పితికి, క్యాను మనవడి సైకిలుకు తగిలించి, వసారా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది. ఆ గీతలకూ సెక్రటరీ పుస్తకానికీ ఎప్పుడూ పొత్తు కుదరదు. నా ఎదురు ప్రశ్నకు ఆ పిల్ల నవ్వుతూ ఈ సంగతి చెప్పింది. ఇదే మీ ప్రాజెక్టు అన్నాను. మిగతా ముగ్గురికీ మొహాలు మాడిపోయాయి. స్నేహితులు బ్లాక్‌చెయిన్ చేస్తుంటే మేం పాల లెక్క చేయాలా అన్నది వాళ్ళ బాధ.

మొదటి రెండు వారాలు ల్యాప్‌టాప్ తెరవొద్దన్నాను. పొద్దున్నే ఐదున్నరకు కేంద్రం దగ్గర నిలబడి చూడాలి, అంతే. మగపిల్లలిద్దరూ ముందు రాత్రే వెళ్ళి ఆ అమ్మాయి వాళ్ళ బంధువుల ఇంట్లో పడుకునేవాళ్ళు. ఏం చూశారంటే, ఒక్కో మనిషికి అర నిమిషం కన్నా ఎక్కువ దొరకదు. పాలు కొలవడం, చెంచాడు నమూనా ఫ్యాట్ మిషన్‌లో పెట్టడం, అంకె పుస్తకంలో వేయడం, తర్వాతి క్యాను. సెక్రటరీ చేతులు ఎప్పుడూ తడే. తడి వేలికి టచ్ స్క్రీన్ సరిగ్గా పలకదు. వాళ్ళు ఎంతో ముచ్చటపడిన మొబైల్ యాప్ అక్కడే ఆ పొద్దున్నే చచ్చిపోయింది. అంకెలున్న చిన్న కీబోర్డు చాలని తేలింది.

ఊళ్ళో వెంకటేశ్వర్లు ముగ్గురు. ఇద్దరికి ఇంటిపేరు కూడా ఒకటే. పేరుతో వెతికే తెర ఎందుకూ పనికిరాదు. సెక్రటరీ ఎన్నో ఏళ్ళ కిందటే అందరికీ నంబర్లు ఇచ్చేశాడు, పాలు పోసేవాళ్ళకు అవి సొంత పేర్లలా అలవాటైపోయాయి. ఇంకోటి. పొరపాటున తప్పు అంకె రాస్తే ఆయన దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన కొత్తది వేసి, చిన్న సంతకం పెడతాడు. పిల్లలు అనుకున్న ప్రోగ్రాంలోనైతే తప్పు అంకె మీద కొత్త అంకె వచ్చి కూర్చుంటుంది, పాతదాని ఆనవాలు ఉండదు. కొట్టివేత కళ్ళకు కనపడుతుంది గనకే ఊరు ఆ పుస్తకాన్ని నమ్ముతోంది. అందుకని ఏ అంకె మార్చినా పాతదీ ఉండాలి, ఎవరు ఎప్పుడు మార్చారో కూడా ఉండాలి అని రాసుకున్నారు. దీన్ని మేం క్లాసులో ఆడిట్ ట్రెయిల్ అని ఒక పూట చెబుతాం. పిల్లలు ఒక పూటకు గుర్తుంచుకుంటారు.

తర్వాత ధర లెక్క వచ్చింది. గేదె పాలకు అక్కడ ఫ్యాట్ బరువును బట్టి డబ్బు. మాటవరసకు కిలో ఫ్యాట్‌కు 800 రూపాయలనుకోండి. ఆరు శాతం ఫ్యాట్ ఉన్న లీటరు పాలకు ఎంత? లీటరంటే కిలో, కిలోలో ఆరు శాతం 60 గ్రాములు, 48 రూపాయలు అంది మా వాళ్ళ ప్రోగ్రాం. సెక్రటరీ పుస్తకం లెక్కన 49 రూపాయల 44 పైసలు. మూడు రోజులు ప్రోగ్రాంలో తప్పు వెతికారు. ఒకడు డేటాబేస్ మొత్తం చెరిపి మళ్ళీ కట్టాడు. నాలుగో రోజు సిగ్గు విడిచి ఆయన్నే అడిగితే, "లీటరు నీళ్ళు కిలో అమ్మా. లీటరు పాలు కిలో ఎట్లా అవుతాయి? పాలు బరువు కదా" అన్నాడట. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. ఫ్యాట్ శాతం బరువు మీద లెక్క. పదో తరగతి దాటని ఆ మనిషి రోజూ మనసులో చేసే గుణకారాన్ని నలుగురు కాబోయే ఇంజనీర్లు మూడు రోజులు కనుక్కోలేకపోయారు. ప్రోగ్రాంలో తప్పు లేదు. పాలు ఎంత తూగుతాయో వాళ్ళకు తెలియదు.

పైసల దగ్గర ఇంకో చిక్కు. కంప్యూటరు దశాంశాలను తన రెండంకెల పద్ధతిలో దాచుకుంటుంది. 0.1, 0.2 కలపమంటే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.30000000000000004 అని వస్తుంది. డబ్బును రూపాయల్లో కాక పైసల్లో, పూర్ణాంకంగా దాచుకుంటే ఈ గొడవ ఉండదు. ఈ చిట్కా ఎక్కడైనా దొరుకుతుంది, కానీ పది రోజుల బిల్లులో పైసా తేడా వచ్చి ఒక ముసలమ్మ నిలదీస్తే తప్ప దాన్ని ఎవరూ వెతకరు.

చీటీ తెలుగులో రావాలని కూడా ఆ అమ్మాయే పట్టుబట్టింది. చిల్లర కొట్ల దగ్గర కనిపించే చిన్న థర్మల్ ప్రింటరు కొన్నారు. అది ఇంగ్లీషు అక్షరాలు గబగబా కొడుతుంది, తెలుగు పంపితే పిచ్చి గుర్తులు కక్కింది. వేరే దారిలో ప్రయత్నిస్తే వత్తులు అక్షరాల కింద నుంచి విడిపోయి పక్కన నిలబడ్డాయి. చివరికి చీటీ మొత్తాన్ని ఒక బొమ్మగా తయారుచేసి ఆ బొమ్మను ప్రింటుకు పంపారు. వారం పట్టింది. ఆ వారం వాళ్ళ ప్రణాళికలో లేదు.

ప్రణాళిక అన్నాను కదా. ఐబీఎంలో 1960ల్లో ఓఎస్ 360 అనే భారీ పనిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆ అనుభవం మీద 1975లో ది మిథికల్ మ్యాన్ మంత్ అని ఒక పుస్తకం వేశాడు. సాఫ్ట్‌వేర్ పనిలో మూడో వంతు కాలం ఆలోచనకు, ఆరో వంతు ప్రోగ్రాం రాయడానికి, మిగిలిన సగం పరీక్షకు అని అందులో ఆయన లెక్క. సెమిస్టరు పదహారు వారాలనుకుంటే ఆలోచనకు ఐదు వారాల పైచిలుకు, రాయడానికి మూడు వారాల లోపు, తప్పులు పట్టడానికి ఎనిమిది వారాలు. మా పిల్లల లెక్క వేరు. టైటిల్‌కు ఒక వారం, ప్లేస్‌మెంట్ల హడావిడికి ఆరు వారాలు, సంక్రాంతి సెలవులు, మిడ్ పరీక్షలు, రెండో రివ్యూకు ముందు రెండు నిద్రలేని రాత్రులు. పరీక్ష వైవా గదిలోనే జరుగుతుంది, ఎక్స్‌టర్నల్ ఎదురుగా. ఆలస్యమైన పనికి మనుషులను చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని కూడా బ్రూక్స్ చెప్పాడు. చివరి వారంలో పక్క బ్యాచ్ కుర్రాణ్ణి అరువు తెచ్చుకున్న ప్రతివాడికీ అది అనుభవమే. వాడికి మన ప్రోగ్రాం వివరించేసరికే తెల్లారిపోతుంది.

నేను గట్టిగా అడిగేది ఒకటే. మూడో వారం ముగిసేలోగా మొదలు నుంచి చివరిదాకా నడిచే ఒక సన్నని దారి ఉండాలి. ఒక మనిషి, ఒక పూట పాలు, ఒక చీటీ. అందం అక్కర్లేదు. లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ రాయడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే గిట్ తన సొంత ప్రోగ్రాంను తనలోనే దాచుకోవడం మొదలుపెట్టింది. మిగతా హంగులన్నీ తర్వాత వచ్చాయి. ఆ గిట్‌నే మా పిల్లలు రెజ్యూమేలో రాసుకుంటారు, ప్రాజెక్టును మాత్రం వాట్సాప్‌లో జిప్ ఫైలుగా పంపుకుంటారు. ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ అసలుది అని పేర్లు పెట్టి. ఏది అసలు అసలుదో ఆ దేవుడికే ఎరుక.

నలుగురి మధ్య పని పంపకం ఇంకో ప్రహసనం. ఒకడు ప్రోగ్రాం రాస్తాడు, ఒకమ్మాయి డాక్యుమెంటేషన్ టైపు చేస్తుంది, ఒకడు పీపీటీ, నాలుగోవాడు జిరాక్సు, బైండింగు, గైడు సంతకం. వైవాలో నలుగురినీ అడుగుతారు మరి. పాల బ్యాచ్‌లో నేను పనిని నిలువుగా కోయించాను. పాలు పోయడం ఒకరిది, దిద్దుబాట్లు ఒకరివి, బిల్లు ఒకరిది, చీటీ ఒకరిది. తెర నుంచి డేటాబేస్ దాకా ఎవరి భాగం వాళ్ళే రాయాలి, ఆ భాగం గురించి పుస్తకంలో ఎనిమిది పేజీలూ వాళ్ళే రాయాలి. మొదట్లో ఒకడు బాగా వెనకబడ్డాడు. మిగతావాళ్ళు వాడి భాగం రాసిచ్చేయబోతే ఆపాను. వాడు రాసిన దిద్దుబాట్ల భాగం చివరికి కొంచెం మొరటుగానే వచ్చింది. వాడిదే గనక అలాగే ఉంచాం.

హైదరాబాదులో అమీర్‌పేట సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగిస్తే దొంగతనమే. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద ప్రాజెక్టుల ప్రకటనలు చూడనివాళ్ళు మనలో తక్కువ. ప్రోగ్రాం, పుస్తకం, వైవా ప్రశ్నలు, వాటికి జవాబులు అన్నీ కలిపి ఒక ధర. పిల్లలను తిట్టడం సులువు. ఉద్యోగం రాకపోతే ఇంట్లో అప్పు తీరదని తెలిసిన కుర్రవాడు, కోడింగ్ పరీక్షలకు రాత్రింబగళ్ళు చదివేవాడు, ప్రాజెక్టును కొనేద్దామనుకుంటే నాకు పెద్ద ఆశ్చర్యం లేదు. ఒక్కో గైడు మీద ఎన్నో బ్యాచ్‌లు. కొన్నదని తెలిసి కూడా సంతకం పెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. అది ఎవరి మీదకో నెట్టలేను.

ఇప్పుడు అమీర్‌పేట దాకా కూడా వెళ్ళనక్కర్లేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఫోనులోనే అడిగితే ప్రోగ్రాం వచ్చేస్తోంది. వాడుకోవద్దని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. రివ్యూలో ఒక పని చేస్తాను. వాళ్ళ ప్రోగ్రాంలో ఏదో ఒక వరస మీద వేలు పెట్టి, ఇది తీసేస్తే ఏమవుతుంది అంటాను. ముందు నోటితో చెప్పాలి, తర్వాత తీసి చూపించాలి. అంచనా తప్పినా ఫర్వాలేదు. అంచనా అన్నది ఉండాలి. కొన్నవాడికీ అడిగి తెచ్చుకున్నవాడికీ చిక్కు అక్కడ వస్తుంది. అదే పాల లెక్కను చాట్‌జీపీటీని అడిగితే 1.03 సంగతి చెప్పేదేమో కూడా. కానీ లీటరు కిలో కాదేమో అన్న అనుమానం ముందు మనకు రావాలి.

ప్రాజెక్టు పుస్తకం గురించి ఒక్క మాట. ఎగ్జిస్టింగ్ సిస్టమ్, ప్రపోజ్డ్ సిస్టమ్, ఫీజిబిలిటీ స్టడీ, ఫ్యూచర్ స్కోప్, ఈ శీర్షికలు రాష్ట్రాలు వేరైనా, మా యూనివర్సిటీ ముక్కలైనా మారలేదు. వాటి కింద రాసేదైనా మారొచ్చు. పాల బ్యాచ్ చేత రోజూ రాత్రి ఐదు వరసలు రాయించాను. ఈ రోజు ఏం చేశాం, ఏం పగిలింది, ఎందుకు. మార్చి చివరికి పుస్తకంలో సగం ఆ నోట్సులోంచే లేచి వచ్చింది. ఎగ్జిస్టింగ్ సిస్టమ్ కింద సెక్రటరీ పుస్తకం పేజీ ఫొటో పెట్టారు, కొట్టివేతలతో సహా. ఒక్కటి మాత్రం తేలలేదు. నానమ్మ గోడ గీతలు. ప్రోగ్రాం లెక్కా సెక్రటరీ పుస్తకమూ పైసాతో సహా కలిశాయి. గోడ మాత్రం ఇంకా ఒకటి రెండు గీతలు ఎక్కువే చూపిస్తోంది, ఎండలు ముదిరాక మరీను. ముసలావిడ పొరపాటనుకున్నారు. ఆ ముడి విప్పకుండానే నల్ల అట్ట, బంగారు అక్షరాలతో నాలుగు కాపీలు బైండింగు నుంచి వచ్చేశాయి.

వైవా ఏప్రిల్‌లో జరిగింది. వచ్చిన ఎక్స్‌టర్నల్‌గారికి ఇంట్లో పాడి ఉన్నట్టుంది. తెర మీద చూపించిన వాటిలో దేని జోలికీ పోకుండా, "ఎండాకాలం పాలు విరిగిపోయి వస్తాయి కదమ్మా, అప్పుడేం రాస్తారు?" అని అడిగారు.

"ఆ కాలమ్ లేదు సార్" అంది అమ్మాయి. "పుస్తకంలో కూడా లేదు. విరిగిన పాలను మా సెక్రటరీ గారు అసలు రాయరు. క్యాను వెనక్కిచ్చి పంపించేస్తారు..."

అక్కడ ఆగిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా తమ్ముడు తీసుకెళ్తాడు సార్ క్యాను. దారిలో క్రికెట్ గ్రౌండు ఉంది" అంది.

ఎక్స్‌టర్నల్‌గారు నవ్వాపుకోలేకపోయారు. ఆ సాయంత్రం తమ్ముడికి ఏమయిందో నేను అడగలేదు. నా కాపీ మాత్రం ఆ పిల్ల నా బల్ల మీద నుంచి తీసుకుని, ఫ్యూచర్ స్కోప్ పేజీ అడుగున మిగిలిన ఖాళీలో, నా పెన్నుతోనే ఒక వరస రాసింది. తిప్పి పంపిన పాలకు వేరే కాలమ్, తెచ్చిన మనిషి వేలిముద్రతో సహా. ఆ కాపీ ఇప్పటికీ నా అలమారులో ఉంది.